తేరువీధిలో చావకూడని రోజు

మా ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే వచ్చే శనివారానికే ఇంకో పది కార్లు కోటగుమ్మం ముందు నిలబడతాయి. చింతామణి నుంచి బాగేపల్లి వైపు పోయే దారిలో ఎక్కడో ఒకచోట పక్కకు తిరిగితే వస్తుందని మాత్రం చెప్తాను, అంతకుమించి అడగొద్దు. ఇప్పటికే బెంగళూరు వాళ్లకు దోవ తెలిసిపోయింది. ఎండ ఎక్కకముందే వస్తారు, కోట ఎక్కి దిగుతారు, కొండమీద రాతిదోనల్లో వేసవిలో కూడా నీళ్లున్నాయే అని ఆశ్చర్యపోతారు, తరువాత మా తేరువీధిలోకి వచ్చి ప్రతి తలుపునూ ఫోటో తీసుకుంటారు. మా తలుపులు మాకంటే వాళ్లకే ఎక్కువ నచ్చుతాయి. నేను పైకి చిటపటలాడతానే గానీ, వాళ్లు రాని శనివారం నాకు పొద్దుపోదు.

మొన్న ఒక కొత్త జంట వచ్చింది. ఆ అమ్మాయిది హిందూపురం, బెంగళూరులో ఉద్యోగం. మా అరుగుమీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, స్తంభానికి తల ఆనించుకుంది. వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి, "ఎంత బాగుంది ఆంటీ! ఇక్కడే ఉండిపోయి ఇక్కడే చచ్చిపోవాలనిపిస్తోంది" అంది. "తథాస్తు దేవతలుంటారు, నోరు ముయ్యి" అన్నాడు మొగుడు. ముగ్గురమూ నవ్వుకున్నాం. వాళ్లు వెళ్లాక గ్లాసులు కడగబుద్ధి కాలేదు. ఈ వీధిలో ఉండిపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చావడానికి మాత్రం ఒకప్పుడు చాలా నియమాలుండేవి. అవి పెట్టి నడిపించింది మా అవ్వ.

మా నాన్న వేంకటరమణస్వామి గుడిలో అర్చకుడు. ఆయనకు ముందు మా తాత. తాత పోయాక ఇంట్లో పెత్తనమే కాదు, వీధి పెత్తనం కూడా నాన్న తల్లి అయిన మా అవ్వ చేతికి వచ్చింది. తెల్లవారకముందే లేచి, బావి దగ్గర చన్నీళ్లు పోసుకుని, తడిబట్టతోనే వంటింట్లోకి పోయేది. ఆమె మడి విప్పేదాకా మేమెవరమూ ఆ గడప దాటడానికి లేదు. ఉదయం వీధంతా పేడనీళ్ల వాసన, దాని వెనకే కాఫీగింజలు వేయించే వాసన, నాన్న ఉత్తరీయం నుంచి కర్పూరం, తులసి వాసన. వీటన్నిటి మీదుగా ఎదురింటి చౌడమ్మ ఇంటినుంచి పచ్చి మల్బరీ ఆకు వాసన వచ్చేది. వాళ్లు కాపువాళ్లు, పట్టుపురుగులు పెంచేవాళ్లు. రాత్రి వీధి సద్దుమణిగాక ఆ పురుగులు ఆకు నమిలే చప్పుడు సన్నచినుకు పడుతున్నట్టు మేము పడుకునే పడసాలలోకి వినబడేది. "ఆ పురుగుల కంపు సామి దాకా పోతాది" అని అవ్వ రోజూ ఒకసారి ముక్కు మూసుకునేది. ఆ మాట అనేటప్పుడు ఆమె కట్టుకుని ఉన్నది మడి పట్టుచీరే. ఆ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

తేరు పండుగ వచ్చిందంటే మా ఊరు పట్టనంత జనం. కెంచార్లహళ్ళి, సాదలి, ఇంకా ఎక్కడెక్కడినుంచో బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ముఖం తెలిసినా తెలియకపోయినా తేరువీధిలో ఏ అరుగుమీదైనా మూట దించుకోవచ్చు. ప్రతి ఇంటిముందూ పానకం, నీరుమజ్జిగ, పెసరపప్పు కోసంబరి. కొత్తగా పెళ్లయినవాళ్లు అరటిపండుకు దవనం రెమ్మ గుచ్చి, తేరు కలశానికి గురిచూసి విసిరేవాళ్లు. గురి తప్పిన పండ్లు మా మిద్దెమీద పడేవి, పిల్లలం ఏరుకుని తినేవాళ్లం. ఇవి చెప్తే ఇప్పటి శనివారం జనం కళ్లు మెరుస్తాయి. దీని వెనక ఇంకో సంగతి ఉంది, అది నేను వాళ్లకు చెప్పను.

తేరు కదిలినప్పటినుంచి తిరిగి తన నెలవుకు చేరేదాకా ఆ వీధిలో పీనుగ ఉండకూడదు. ఎవరైనా పోయారంటే తేరు ఎక్కడిది అక్కడ ఆగిపోవాలి, స్వామిని దించేయాలి. అట్లా ఆగిన ఏడు చినుకు పడదని ఊరందరి నమ్మకం. అందుకని పండుగ దగ్గర పడేకొద్దీ, ఒకపక్క చుట్టాల బండ్లు లోపలికి వస్తుంటే, ఇంకోపక్క జబ్బుమనుషుల మంచాలు బయటికి పోయేవి. అవ్వ చేతికర్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. "మీ ముసలాయప్ప ఎట్లుండాడు?" అని అడిగేది. అది పరామర్శ కాదని అందరికీ తెలుసు. అవ్వ కర్ర చప్పుడు వినబడగానే ముసలివాళ్లకు తల దువ్వి, బొట్టు పెట్టి, ఆకువక్క నోట్లో పెట్టి, అరుగుమీద కూర్చోబెట్టి నవ్వమనేవాళ్లు. దగ్గు వచ్చినా మింగుకుని నవ్వేవాళ్లు పాపం. అవ్వ ఒక్క చూపు చూసి, "ఈయప్పను పంపించేయండి" అంటే ఆ పూటే మంచం లేచేది.

చౌడమ్మ మొగుడు మునెప్పను అట్లాగే పంపించారు. అప్పటికి నేను చిన్నపిల్లను, విన్నదే చెప్తున్నాను. ఆయనకు ఆయాసం. ఈసారికి తన అరుగుమీదినుంచే తేరు చూస్తానని అందరితో చెప్పుకున్నాడట. చౌడమ్మ మా వాకిట్లో నిలబడి అవ్వను బతిమాలిందట. అవ్వ ఒప్పుకోలేదు. కోట బయట వాళ్ల మల్బరీ తోటలో ఉన్న కొట్టానికి మంచంతో సహా మోసుకుపోయారు. ఇక్కడ గోవిందా అని తేరు లాగుతుంటే ఆ కేకలు వింటూ అక్కడ ఆయన పోయాడు. ఆనాటినుంచి చౌడమ్మ మా గడప తొక్కలేదు, మా అవ్వతో మాట్లాడలేదు. ఎదురెదురు ఇళ్లు, పొద్దున వాకిలి చిమ్మేటప్పుడు ఒకరి వీపు ఒకరికి పెట్టుకుని చిమ్మేవాళ్లు.

నాకు బాగా బుద్ధి తెలిశాక వచ్చిన ఒక తేరు రోజు, తెల్లవారుజామున, అవ్వ బావి దగ్గర కూలిపోయింది. నాన్న అప్పటికే గుడికి పోయాడు. ఆ రోజు ఆయన స్వామితోపాటు తేరు ఎక్కి, నెలవు చేరేదాకా దిగడానికి లేదు. అమ్మా, నేనూ, వచ్చిన చుట్టాలూ కలిసి అవ్వను వీధి కిటికీ పక్కనున్న గదిలో పడుకోబెట్టాం. పండుగకు వచ్చిన చింతామణి డాక్టరు ఒకాయన చెయ్యి పట్టి చూసి, "ఆసుపత్రికి తీసుకుపోయినా లాభం లేదమ్మా, ఈ పూట గడిస్తే గొప్ప" అని చెప్పి తల వంచుకుని వెళ్లాడు. ఆ మాట వీధి చివరిదాకా పోవడానికి ఎంతసేపు పడుతుంది? కాసేపటికే పటేలప్ప వచ్చాడు. ఊరికి పెద్ద, తేరు పనులన్నీ ఆయన చేతిమీదే నడిచేవి. మంచివాడే. ఆ రోజు మాత్రం అమ్మ ముఖంలోకి చూడకుండా మాట్లాడాడు.

"అమ్మా, సాదల్లో మీ ఆడబిడ్డ ఇల్లుండాది గదా. బండి కట్టించినా. గడ్డేసి పైన పరుపేసినాం. పెద్దమ్మకు కుదుపు తెలీదు" అన్నాడు.

"దోవలోనే పోతుందప్పా" అంది అమ్మ.

"దోవలో పోతే మన కర్మ. ఈడ పోతే ఊరికే చేటు గదమ్మా. తేరుమీద ఉండేది మీ ఇంటాయనే. తల్లి పోయిందంటే ఆయప్పకు మైల. సామిని దించేదెవురు? వేలమంది వచ్చినారు, వాళ్లకేం చెప్పల్ల?" అని, కాస్త గొంతు తగ్గించి, "ఈ కట్టు నడిపించింది పెద్దమ్మేనమ్మా. నేను కొత్తగా చెప్తాండేదేమీ లేదు" అన్నాడు.

ఇంతలో అవ్వ కళ్లు తెరిచింది. మాటలన్నీ విన్నట్టుంది. అమ్మ కొంగు చివర పట్టుకుని, "నేను పోనే. నన్ను పంపియ్యొద్దే" అంది. అంతమందిని కర్రతో చూపించి పంపించిన అవ్వ, చిన్నపిల్ల బడికి పోనని మారాం చేసినట్టు ఆ మాట అనేసరికి నాకు సిగ్గేసింది. ఆ తరువాత భయమేసింది. సిగ్గూ భయమూ పోయాక అవ్వమీద జాలి మిగిలింది. బండి మా ఇంటిపక్క సందులో నిలిపి ఉంది. ఎద్దుల మెడగంటల చప్పుడు అవ్వకు కూడా వినబడుతూనే ఉండాలి. గుడిలో భేరీ మొదలైంది. ఇంక తేరు కదలడానికి ఎక్కువసేపు లేదు. నలుగురు మగవాళ్లు మంచంకోళ్ల దగ్గర వంగారు.

అప్పుడు వీధి దాటి చౌడమ్మ వచ్చింది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతులకు ఆకు పసరు ఇంకా ఉంది. గడప దగ్గర ఆగకుండా నేరుగా గదిలోకి వచ్చేసింది. అందరూ జరిగి దారి ఇచ్చారు. ఈమె ఈ రోజుకోసమే ఇన్నేళ్లూ కాచుకుని ఉందని నాకే అనిపించింది, ఇంక పెద్దవాళ్లకు అనిపించదా.

"బండి ఎవురికప్పా?" అంది పటేలప్పతో.

"పెద్దమ్మకు. నీకు తెలీని కట్టా చౌడమ్మా?"

"నాకు తెలిసినంత ఈ వీధిలో ఇంకెవురికి తెలుసు?" అంది. చౌడమ్మ అవ్వను పైనుంచి కిందికి చూసింది. "ఎత్తేదానికి ఆయమ్మలో ఏముండాది? మంచం లేపితేనే పోతాది. ఆ పాపం లేపినోళ్లకు చుట్టుకుంటాది. నేను కూచుంటా ఆయమ్మ దెగ్గిర. ఉసురాగిందంటే ఈ కిటికీలోంచి నేనే కేకేస్తా, తేరు యాడుంటే ఆడ నిలిపేద్దురు. నేను చెప్పేదాకా లాగండి."

ఇంకెవరు ఆ మాట అన్నా పటేలప్ప ఒప్పుకునేవాడు కాదు. మా అమ్మ కూర్చుంటానంటే, కోడలు దాచిపెడుతుందని అనుమానపడేవాడు. చౌడమ్మ పగ ఊరందరికీ తెలుసు. అవ్వ ఊపిరి ఆగిన మరుక్షణం వీధంతా అదిరేట్టు అరిచేది ఆమేనని అక్కడున్న ప్రతి ఒక్కరూ నమ్మారు. పగ పట్టిన మనిషి అబద్ధమాడదని మావాళ్ల లెక్క. పటేలప్ప అవ్వవైపు ఒకసారి, చౌడమ్మవైపు ఒకసారి చూసి, "సరేనమ్మా, నీ మీద భారం" అని వెళ్లిపోయాడు. బండి మాత్రం సందులోనే ఉంచాడు.

చౌడమ్మ అవ్వ తల దగ్గర చాపమీద కూర్చుంది. జీవితమంతా ఎదురింటి నీడ కూడా తగలనివ్వని అవ్వ, తన చెయ్యి ఆమె చేతిలో ఉంటే వెనక్కి తీసుకోలేదు. గదిలో ఇంకెవరూ ఉండొద్దని చౌడమ్మ అందరినీ పంపించేసింది. అమ్మ నన్ను అరుగుమీద పానకం బిందె దగ్గర కూర్చోబెట్టింది. "అడిగినవాళ్లకల్లా పొయ్యి. ఏడుపు మొహం పెట్టొద్దు" అంది. తాను మజ్జిగ పోస్తూ నిలబడింది. అరుగు నిండా తెలియని జనం. ఒకావిడ కెంచార్లహళ్ళి నుంచి వచ్చిందట, నా బుగ్గ పుణికి, "ఏం పుణ్యం చేసుకున్న్యారో పాపా, తేరు మీ ఇంటిముందరికే వస్తాది" అంది. నేను తల ఊపి పానకం పోశాను.

తేరు మా ఇంటి మలుపు దాకా వచ్చి ఇరుక్కుంది. అది ఆ మలుపులో ప్రతి ఏడూ మొరాయించేదే. చక్రాలకింద మొద్దులు పెట్టి, వెనకనుంచి దూలాలతో ఎత్తి, మోకులు లాగి మెల్లగా తిప్పాలి. ఆ ఏడు చక్రం మట్టిలోకి దిగిపోయింది. ఎంత లాగినా కదలదు. జనం అరుస్తున్నారు, మొద్దులు పెట్టేవాళ్లు తిట్టుకుంటున్నారు. తేరుమీద నాన్న నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇంట్లో సంగతి ఎవరూ చెప్పలేదు. అంత ఎత్తునుంచి ఆయనకు మా సందు కనబడుతుంది, సందులో గడ్డి వేసి పరుపు పరిచిన బండి కనబడుతుంది. ఆ రోజు అటువంటి బండి ఎందుకు కడతారో ఆయనకు వేరే చెప్పాలా? ఆయన చూపు బండినుంచి మా తలుపుకు, తలుపునుంచి అమ్మ ముఖానికి వచ్చి ఆగిపోయింది. దిగడానికి లేదు. చేతిలో హారతిపళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

పటేలప్ప కిటికీవైపు తిరిగి చెయ్యి ఎత్తి అడిగాడు. "ఉండాది!" అని లోపలినుంచి చౌడమ్మ గొంతు వచ్చింది. మళ్లీ మోకులు బిగిశాయి. చక్రం ఊగి, మళ్లీ అక్కడే పడింది.

పానకం అయిపోయింది. ఇంకో బిందె కోసం నేను లోపలికి పోయాను. వంటింటికి పోవాలంటే ఆ గది దాటాలి. అవ్వ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. చౌడమ్మ తడిగుడ్డతో ఆమె గడ్డం తుడుస్తోంది. నేను అవ్వ పాదం పట్టుకున్నాను. రోజూ రాత్రి పిసికే పాదం అది, నాకు తెలియదా? చల్లగా ఉంది. నేను చౌడమ్మ ముఖంలోకి చూశాను. ఆమె కళ్లు తిప్పుకోలేదు. "పాపా, అవ్వ నిదరపోతాండాది. బిందె తీసకపో" అంది మెల్లగా. బయట పటేలప్ప మళ్లీ కేకేశాడు. చౌడమ్మ కిటికీవైపు తిరిగి, "ఉండాదప్పా! లాగండి!" అని ముందుకంటే గట్టిగా అరిచింది.

అవ్వ అప్పటికే పోయింది. ఆ సంగతి తెలిసింది చౌడమ్మకూ నాకూ మాత్రమే. బిందె తెచ్చి అరుగుమీద పెట్టాను. పోస్తుంటే పానకం ఎవరి చీరమీదో ఒలికింది. అమ్మ నా ముఖం చూసింది. అందరితోపాటు చేతులెత్తి "గోవిందా" అని అరిచింది. చెంపలమీద నీళ్లు కారుతున్నాయి. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. అంతలో చక్రం గట్టున పడింది. తేరు ఒక్కసారిగా ఒరిగి, నిలదొక్కుకుని, మలుపు తిరిగింది. అరటిపండ్లు, దవనం వానలా పడ్డాయి. నాన్న వీపు కనబడినంతసేపూ నేను చూస్తూనే ఉన్నాను.

తేరు నెలవు చేరిందని తెలిపే భేరీ మోగాక చౌడమ్మ బయటికి వచ్చింది. అరుగు అంచున నిలబడి, "పెద్దమ్మ పోయింది. ఇంక ఏడ్చుకోండి" అంది. అని మెట్లు దిగి వాళ్లింటికి పోయి తలుపేసుకుంది. అవ్వకు స్నానం చేయించిన ఆడవాళ్లకు ఒళ్లు ఎంతసేపటికి బిగుసుకుంటుందో తెలియకుండా ఉండదు. ఎవరూ నోరు విప్పలేదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చెరువు తెగుతుందేమోనని భయపడేంత పడ్డాయి. మరుసటి ఏడు ఇల్లిల్లూ తిరిగి అడగడానికి ఎవరూ బయల్దేరలేదు. కట్టు తీసేశామని కూడా ఎవరూ అనలేదు. అట్లా జారిపోయింది.

ఇప్పుడు ఆ గొడవే లేదు. ఎవరికైనా ఛాతీలో కాస్త పట్టినట్టున్నా ఆంబులెన్సు కోటగుమ్మం దాకా వస్తుంది. చిక్కబళ్ళాపురమో బెంగళూరో తీసుకుపోతారు, అక్కడే గాజుతలుపుల వెనక పోతారు. పొమ్మని ఎవరూ అనకుండానే అందరమూ బయటికి పోయి చస్తున్నాం. ఎదురింట్లో పురుగుల పెంపకం ఎప్పుడో ఆగిపోయింది, చౌడమ్మ మనవలు దాన్ని వచ్చేపోయేవాళ్లకు బసగా మార్చారు. బాగా నడుస్తోంది. అప్పుడే బాగుండేదని నేను అనను, ఆ కర్ర చప్పుడు మళ్లీ వినాలని నాకు లేదు. అయినా వీధి అందంగా ఉంది, అందుకే రిటైరయ్యాక చిక్కబళ్ళాపురంలో మంచి ఇల్లు వదులుకుని ఇక్కడికే వచ్చాను. ఒకింట్లో దగ్గితే ఎదురింటికి తెలిసే వీధి ఇది. అట్లా తెలియబట్టే మునెప్పను మోసుకుపోయారు. అట్లా తెలియబట్టే మా అవ్వ తన గదిలో పోగలిగింది. ఇప్పుడు తలుపు మూసుకుంటే ఎవరి దగ్గు వాళ్లదే. ఇందులో ఏది మేలో తేల్చుకోవడం నా వల్ల కాలేదు.

అవ్వ కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం నాన్న నా చెయ్యి పట్టుకుని వీధి దాటాడు. ఆయన ఆ ఇంటి అరుగుమీద కూర్చోవడం అదే మొదలు. చౌడమ్మ కంగారుపడి కొంగు సవరించుకుని, ఏమివ్వాలో తెలియక నిలబడింది. నాన్న మంచినీళ్లు అడిగాడు. ఆమె చెంబు కడిగి తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు. అవ్వ ఎప్పుడు పోయిందని ఆయన అడుగుతాడేమోనని నాకు భయంగా ఉంది. ఆయన అది అడగలేదు.

"మా అమ్మ కడపట నీతో ఏమన్నా అన్నిందా చౌడమ్మా?" అన్నాడు.

"ఒకటి అడిగింది సామీ. మా ఆయప్పను మోసుకపోతాంటే దోవలో ఏమన్న్యాడని అడిగింది" అంది.

"నువ్వేం చెప్పినావు?"

"తేరు బాగా జరగనీ అన్న్యాడని చెప్పినా. ఆ మాట విన్న్యాక కండ్లు మూసుకునింది."

నాన్న చెంబు కింద పెట్టాడు. "నిజంగా అట్లన్న్యాడా?"

"లేదు సామీ" అంది చౌడమ్మ. "ఇంటికి తీసకపోండి, ఇంటికి తీసకపోండి అన్న్యాడు. తోట చేరేదాకా అదొక్కటే మాట."

నాన్న చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. సాయంత్రం పూజకు వేళ అయిందని నేను చెప్పినా లేవలేదు.